పామర్ గారి ఇల్లు

చిట్టితల్లీ,

నిన్న అన్నయ్య నన్ను ఇక్కడ అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని బియాట్రిస్ ఊరి దగ్గరున్న హోమ్‌స్టెడ్ పార్కుకి తీసుకెళ్లాడు. లింకన్ నగరం నుంచి కారులో గంట. మ్యూజియం అంటే అద్దాల పెట్టెలే అనుకుంటూ వెళ్లాను. అక్కడొక దుంగల ఇల్లు ఉందమ్మా, దాని దగ్గర్నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

1867లో జార్జ్ పామర్ అనే ఆయన కట్టుకున్నది. వేరేచోట ఉంటే, 1950లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారట. 14 అడుగులకి 16 అడుగులు, అంతే. మన వంటిల్లూ వసారా కలిపితే అంతకంటే పెద్దవి. అందులో పదిమంది పిల్లలు! మంచు కురిసే రాత్రుల్లో ఆ తల్లి అంతమందిని ఎక్కడ పడుకోబెట్టిందో, తడిబట్టలు ఏ మూల ఆరేసిందో. గడప దగ్గర నిలబడి అవే లెక్కలు వేసుకున్నాను.

1862లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకి ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చేది. ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేసి, ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకుంటే పట్టా చేతికొచ్చేది. చట్టం అమల్లోకొచ్చిన 1863 జనవరి 1నే డేనియల్ ఫ్రీమన్ దరఖాస్తు పెట్టుకున్న పొలమే ఈ పార్కు.

ఆ చుట్టుపక్కల నేలంతా అంతకుముందు ఓటో-మిస్సోరియా అనే స్థానిక తెగ జనానిది. 1854లో ప్రభుత్వంవాళ్లు ఆ నేల కోసం ఒప్పందం రాయించుకున్నారు, 1881లో మిగిలినవాళ్లని కూడా ఓక్లహోమా వైపు పంపేశారు. అది తెలిశాక ఇల్లు చూసిన సంతోషం సగమైపోయింది.

అన్నయ్య ఇంకో మాట చెప్పాడు. అప్పట్లో ఆ చట్టం కింద పెళ్లికాని ఆడపిల్లలూ భర్త పోయినవాళ్లూ సొంత పేరు మీద భూమి అడగొచ్చట. భర్త ఉన్నావిడకి మాత్రం మామూలుగా ఆ వీలు లేదట. నాకు వెంటనే మీ నాయనమ్మ గుర్తొచ్చింది. నలభై ఏళ్లు ఆ పొలంలో నాట్లు వేసింది, కలుపు తీసింది, కళ్లంలో కాపలా పడుకుంది. తాతయ్య ట్రంకుపెట్టెలో ఉన్న ఒక్క కాగితంలోనూ ఆవిడ పేరు లేదు.

రాత్రి నాన్నతో ఫోన్లో మాట్లాడాను. చెరువు కింద ఎకరం నీ పేర రాయిద్దామన్నాను, సరేనన్నారు. అన్నయ్య అయితే నాకంటే ముందే ఒప్పుకున్నాడు.

డిసెంబరులో నేను వచ్చేస్తాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆధార్, పాన్ కార్డులు మర్చిపోకు. పండగయ్యాక రిజిస్ట్రేషన్‌కి వెళ్లాలి, రెండు రోజులు ఎక్కువే సెలవు పెట్టుకో.

అమ్మ