ముందు బంతిని ముందే అందుకో

హైదరాబాద్

ఒరేయ్ రమేశ్,

నీ టేబుల్ టెన్నిస్ ఫోర్‌హ్యాండ్ వీడియో చూశాన్రా. బ్యాట్ కోణం మార్చీ మార్చీ ఊరికే పరేషాన్ అవుతున్నావు గానీ, తప్పు అక్కడ లేదు. బంతి నీ కుడి తుంటి దాటి వెనక్కి పోయాక కొడుతున్నావు. అప్పుడు బ్యాట్ ముఖం దానంతటదే ఆకాశం వైపు తిరుగుతుంది, బంతి టేబుల్ దాటి పోతుంది. దాన్ని ఆపాలని బ్యాట్ మూస్తే, అంటే ముఖాన్ని టేబుల్ వైపు వంచితే, తర్వాతి బంతి నెట్‌లో. ఇలా ఎన్నాళ్లు సర్దుకున్నా తెగదు. బంతిని ఎక్కడ అందుకుంటున్నావన్నది తేలితే సగం రోగం పోతుంది.

ఎక్కడంటే, ఒంటికి ముందు, కాస్త కుడి పక్కన. బౌన్స్ అయి పైకి లేచి, ఇంక దిగబోతుందనగా. మోచేయి ఒంటికి అతుక్కోకూడదు, పూర్తిగా చాచకూడదు. లంబకోణం కన్నా కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంటే చాలు. బంతి మరీ దగ్గరికొస్తే చెయ్యి ఇరుక్కుని పైకి ఎత్తేస్తావు. దూరంగా పోతే భుజం ఒక్కటే లాగుతుంది, రెండు వారాల్లో నొప్పి మొదలవుతుంది. రెండిటికీ మందు చేతిలో లేదు, కాళ్లలో ఉంది. చెయ్యి చాచే ముందు ఒక చిన్న అడుగు వెయ్యి.

నిలబడటం సంగతి: పాదాల మధ్య భుజాల వెడల్పు కన్నా ఎక్కువ ఎడం, కుడి పాదం అరడుగు వెనక్కి, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల వైపు. మడమల మీద నిలబడ్డావా, బంతి వచ్చేసరికి ఆలస్యమే.

బ్యాట్‌ను చేత్తో వెనక్కి లాగకు. నడుము తిప్పితే అదే వెళ్తుంది, బరువు కుడికాలి మీదికి వస్తుంది. బ్యాట్ వీపు వెనక్కి పోయిందంటే ఎక్కువ లాగినట్టే, ఎదుటివాడు వేగంగా ఆడిన రోజున నీకు టైమ్ చిక్కదు. కొట్టేటప్పుడు ముందు కాలు, తర్వాత నడుము, చివర్లో ముంజేయి. పిడి వదులుగా పట్టుకో, బంతి తగిలే క్షణంలోనే బిగించు. మొదటినుంచీ బిగిస్తే మణికట్టు చచ్చుబడిపోతుంది. బ్యాట్ నుదుటి ముందు ఆగాలి. నువ్వేమో దాన్ని ఎడమ భుజం వెనక దాకా తిప్పేస్తున్నావు, అందుకే రెండో బంతికి అందుకోలేకపోతున్నావు. ఎడమ చెయ్యి కూడా వేలాడేయకు, నడుముతోపాటు తిరగనీ.

టాప్‌స్పిన్, అంటే ముందుకు గిర్రున తిరుగుతూ వచ్చే బంతి, వస్తే బ్యాట్ కాస్త మూసి ముందుకు. కట్ చేసిన బంతి, అంటే వెనక్కి తిరుగుతూ వచ్చేది, వస్తే మాత్రం లెక్క వేరు: మోకాలు ఇంకా వంచి, బ్యాట్‌ను మోకాలి ఎత్తు దాకా దించి, ముఖం కొంచెం తెరిచి పైకి రాసుకుంటూ పో. ఇక్కడ ఒక పాత అలవాటు వదిలించుకో. సెల్యులాయిడ్ బంతుల కాలంలో సన్నగా రాసినా బోలెడు స్పిన్ వచ్చేది. 2014 నుంచి పెద్ద పోటీల్లోకి వచ్చిన ప్లాస్టిక్ బంతికి అంత స్పిన్ ఎక్కదు. ముందు బ్యాట్ రబ్బర్ కింద ఉండే స్పాంజ్‌లోకి కాస్త దిగనిచ్చి, ఆ తర్వాత రాయాలి. ఉత్త రాపిడి పల్చని చప్పుడు చేస్తుంది, నీ వీడియోలో వినిపించేది అదే.

ప్రాక్టీస్ మూలనుంచి మూలకే చెయ్యి. టేబుల్ పొడవు 2.74 మీటర్లు, మూలమూలకు కొలిస్తే 3.1 పైన. ఆ అదనపు జాగా తప్పుల్ని కాస్తుంది. సగం బలంతో ఆడు. వరసగా 50 బంతులు పడేదాకా వేగం పెంచకు. తర్వాత ఎదుటివాణ్ని ఒకటి మధ్యకి, ఒకటి కుడి మూలకి వెయ్యమను. అసలు పరీక్ష అక్కడే, నిలబడి కొట్టే ఫోర్‌హ్యాండ్ అందరికీ బాగానే ఉంటుంది! ఇంట్లో అద్దం ముందు బంతి లేకుండా 20 సార్లు చొప్పున మూడు విడతలు చాలు. మన ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది కదా, ఆ మ్యాచ్‌లు చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆమె పాదాలు చూడు.

ఇంకోటి, మీ క్లబ్‌హౌస్‌లో టేబుల్ మీద ఫ్యాన్ ఆపించు. 2.7 గ్రాముల బంతి, గాలికి వంకర పోతే నువ్వు స్ట్రోక్‌ని అనుమానిస్తావు. వానాకాలం తేమకి రబ్బర్ జారుతుంది, మధ్యమధ్యలో పొడి గుడ్డతో తుడు. ఆట అయ్యాక తడి స్పాంజ్‌తో తుడిచి, ఆరాకే కవర్‌లో పెట్టు. కొత్త రబ్బర్ కొంటే 1.8 లేదా 2 మిల్లీమీటర్ల స్పాంజ్ తీసుకో. షాపువాడు మరీ ఫాస్ట్‌వి అంటగడతాడు, ఇప్పుడే వద్దు.

ఆదివారం ఇటొస్తే బ్యాట్ తెచ్చుకో, రబ్బర్ ఎంత అరిగిందో చూద్దాం.

నీ
సతీశ్