కొల్లేటి గట్టు ఎవరిదో ముందు తేల్చండి

రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొల్లేరు అనగానే మీ దగ్గరికి రెండు రకాల అర్జీలు వస్తాయి. ఒకదాంట్లో మా బతుకుదెరువు హక్కు ఉంటుంది. రెండోదాంట్లో పక్షులు, పర్యావరణం ఉంటాయి. రెండూ న్యాయమైనవే. కానీ ఎవరి హక్కు పేరు చెప్పి ఎవరు బాగుపడుతున్నారన్నది మాత్రం ఏ అర్జీలోనూ కనపడదు. లంక గ్రామాల్లో పుట్టిపెరిగినవాణ్ణి కాబట్టి అది నేను రాస్తున్నాను.

1999లో కొల్లేటిని ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ ప్రకటన చేపల చెరువులను కాదంది గానీ వల వేసుకుని బతికేవాళ్లను వెళ్లిపొమ్మనలేదు. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. సాయంత్రం బోదెలో (నీటి కాలువలో) మావులు, అంటే చేపలు పట్టే వెదురు బుట్టలు పెట్టి, తెల్లారగట్ల తాటిదోనెలో తీసుకోవడానికి వెళ్లిన వడ్డి కులస్థుణ్ణి చేపల చెరువు గట్టు మీది కాపలాదారు టార్చి కొట్టి "ఎవడ్రా అది?" అని అడుగుతాడు. ఆ గట్టు ఉన్నది సరస్సులో. అడిగేవాడి జీతం ఇచ్చేది ఎక్కడో ఊళ్లో ఉన్న లీజుదారు. రికార్డుల్లో మాత్రం అది మత్స్యకార సొసైటీ చెరువు. లీజు డబ్బులో కొంత రేషన్ కార్డుకింత అని పంచుతారు, కొంత రామాలయానికి పోతుంది. అందుకే ఊళ్లో ఎవరూ నోరెత్తరు. ఇందులో మా ఊళ్ల బాధ్యత లేదని నేను అనను.

2006లో ఆపరేషన్ కొల్లేరు చేశారు. పొక్లెయిన్లు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి గట్లు తెంచారు. కొన్నాళ్లకు మళ్లీ లేచాయి. మళ్లీ గట్టు వేయించే స్తోమత ఉన్నది ఎవరికో చెప్పక్కర్లేదు కదా! కూలి పని పోయినవాడికి ప్రత్యామ్నాయం మాత్రం అరకొరగానే అందింది. ఆ తర్వాత 2008లో మన శాసనసభే కాంటూరును మూడుకు తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ వద్దంది. ఓట్ల సీజన్ వచ్చినప్పుడల్లా ఆ మాట మళ్లీ పైకి వస్తుంది. దయచేసి మీరు అది ఎత్తుకోకండి. గీత కిందికి జరిపినంత మాత్రాన నీళ్లు కిందికి జరగవు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ జనం మేడల మీద నిలబడ్డారు. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. తమ్మిలేరు, రామిలేరు కూడా ఇందులోకే. ఇన్ని వాగులు తెచ్చిన నీటికి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు. అది పూడుకుపోయి, మధ్యలో గట్లు అడ్డం ఉంటే నీళ్లు ఎక్కడ ఆగాలి? లంక ఊళ్లలో ఆగుతాయి. వరదకు హక్కులూ బాధ్యతలూ తెలియవు, పల్లం తెలుసు.

రాజ్యాంగం 51ఏ(జి) అధికరణలో సరస్సులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాశారు. ప్రతి పౌరుడూ అంటే లీజుదారు కూడా కదా. బాధ్యత అడిగేటప్పుడు మాత్రం మన అధికారులకు మావులు పెట్టేవాడే కనిపిస్తాడు.

సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఆక్రమణలు తీయాల్సిందే, నాకు అందులో అనుమానం లేదు. అయితే వరస మార్చండి. అభయారణ్యంలో చిక్కుకున్న జిరాయితీ (సొంత పట్టా భూమి) రైతులకు పరిహారం ముందు తేల్చండి. వాళ్లది కొన్న భూమి, పట్టా ఉంది, ఏళ్లుగా అటూ ఇటూ కాకుండా ఉన్నారు. ఉప్పుటేరు పూడిక తీయించండి. వల, మావులతో పట్టుకునేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, గట్లు తీసిన నీళ్లలో వేట వాళ్లదేనని రాతపూర్వకంగా చెప్పండి. ఏ చెరువును నిజంగా ఎవరు సాగు చేస్తున్నారో, కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో సొసైటీల వారీగా రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించండి. మొదటి నోటీసు ఆ పేర్లకు వెళ్లాలి. సొసైటీ ప్రెసిడెంటుకు పంపి చేతులు దులుపుకోవద్దు.

ఇట్లు,
కొల్లేటి లంక గ్రామస్థుడు