ఆ మూడు క్షణాలు కాగితం మీద లేవురా

ఒరేయ్ శీనూ,

నువ్వు దసరాకి పెట్టిన మెయిల్‌కి ఇప్పుడా జవాబు అని తిట్టుకుంటున్నావని తెలుసు, తిట్టు, పడతా. ఇక్కడ అందరం బానే ఉన్నాం, చిన్నది ఏడో క్లాసుకొచ్చింది, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఉంది, మీ అమ్మగారి గోంగూర పచ్చడి అందింది, సగం అయిపోయింది కూడా. ఇక అసలు సంగతికి వస్తా. అక్కావాళ్లు డాక్టరు మీద వేసిన కేసు ఓడిపోయామని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నా కదా, నిన్న సాయంత్రం అక్క అప్పీల్ కాగితాల మీద సంతకం పెట్టింది. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇంత పొద్దున్నే కూర్చున్నా.

బావ సంగతి నీకు తెలిసిందేగా. కళ్లు తిరుగుతున్నాయి, వాంతులు, నిలబడితే ఎడమపక్కకి ఒరిగిపోతున్నాడు. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి, బానే ఉంది, చెవి వల్ల వచ్చిన తిరుగుడే అని మాత్ర రాసి ఇంటికి పంపారు. చిన్నమెదడులో స్ట్రోకు మొదటి గంటల్లో సీటీలో చాలాసార్లు కనపడదటరా, ఎమ్మారై తీస్తే దొరికే అవకాశం ఎక్కువ, అసలు మనిషిని నాలుగడుగులు నడిపించి చూసినా అనుమానం వచ్చేదని మా నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. నడిపించి చూడలేదు, వీల్‌చెయిర్లోనే కారు దాకా తోసుకొచ్చారు. తెల్లారేసరికి బావ మాట ముద్దముద్దగా వస్తోంది.

తీర్పు రోజు చెప్తా విను. ఇక్కడ కాలిఫోర్నియాలో సివిల్ కేసులో తీర్పు చెప్పేది జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి తీసుకున్న 12 మంది. 12 మందీ ఒక్కమాట మీద ఉండక్కర్లేదు, 9 మంది చాలు. వాళ్లు నింపే తీర్పు ఫారంలో మొదటి ప్రశ్న, డాక్టరు నిర్లక్ష్యం చేశాడా అని. దానికి లేదు అని రాస్తే మిగతా ప్రశ్నలు ముట్టుకోనే అక్కర్లేదు, సంతకం పెట్టి ఇచ్చేయడమే. క్లర్కు "లేదు" అని చదవగానే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. మా లాయరు లేచి ఒక్కొక్కరినీ అడగమన్నాడు. అప్పుడు వరసగా, ఇది మీ తీర్పేనా, అవును, ఇది మీ తీర్పేనా, కాదు... అవును అంటే ఆ "లేదు"కి ఒప్పుకున్నట్టు. నేను ఒళ్లో వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నా. పదో మనిషి అయ్యేసరికి 8 అవును, 2 కాదు. పదకొండో ఆవిడ నీలం స్వెట్టరు, పెద్దావిడ, రెండు వారాలూ బావ చేతులకేసే చూస్తూ కూర్చుంది. ఆవిడ వెంటనే చెప్పలేదురా. నోరు తెరిచింది, మళ్లీ మూసింది, బావ వైపు చూసింది. తర్వాత మెల్లగా అవును అంది. పన్నెండో ఆయన కాదు అన్నాడు. అంటే ఆవిడ కూడా కాదనుంటే 8 అయ్యేది, జడ్జి వాళ్లని మళ్లీ లోపలికి పంపేది. ఒక్క మాటరా శీనూ, ఒక్క మాట.

నువ్వు అడుగుతావని తెలుసు, ఆవిడని కలిసి ఎందుకు ఆగావమ్మా అని అడగొచ్చుగా అని. అడిగినా లాభం లేదు, జ్యూరీలో వాళ్లు మనసులో ఏమనుకున్నారన్నది సాక్ష్యంగా పనికిరాదని ఇక్కడి చట్టం. ఎవరైనా తప్పు పని చేస్తే తప్ప, అంటే బయట విచారించుకుని రావడంలాంటివి.

ముందు కొత్త విచారణ కావాలని అదే జడ్జిని అడిగాం. ఆవిడ సాక్ష్యాలు మళ్లీ తూచి చూడొచ్చట, చూసింది, కొట్టేసింది. ఆ ఆర్డరు అందాక అప్పీల్‌కి 30 రోజులే గడువు. మీ గుంటూరు కన్స్యూమర్ కోర్టు కేసు పైకి వెళ్తే రాష్ట్ర కమిషన్ మొత్తం మళ్లీ చూసిందని చెప్పావు కదా, నేనూ అలాగే అనుకున్నా, బావని మళ్లీ నిలబెట్టి చూపిస్తారని. కాదురా! ఇక్కడ శాన్ హోసేలోనే ఉంది ఆరో డిస్ట్రిక్ట్ అప్పీల్ కోర్టు, ముగ్గురు జడ్జీలు, సాక్షులుండరు, కొత్త రిపోర్టులుండవు, కింద కోర్టులో టైపు చేసిన కాగితాలే. ఎవరు నిజం చెప్పారన్నది వాళ్లు తేల్చరు. చట్టంలో తప్పు జరిగిందా, దానివల్ల ఫలితం మారేదా, అంతే.

మేం పట్టుకున్న తప్పు, జడ్జి జ్యూరీకి చదివి వినిపించిన 506 నంబరు సూచన. వైద్యులు ఒప్పుకున్న పద్ధతులు రెండుంటే డాక్టరు ఒకటి ఎంచుకున్నాక రెండోదే మేలని తేలినా, అంతమాత్రాన నిర్లక్ష్యం కాదు అని దాని భావం. నడిపించి చూడకుండా ఇంటికి పంపడం కూడా ఒప్పుకున్న పద్ధతే అని అవతలి నిపుణుడు కూడా అనలేదు కదా, మరి ఆ సూచన ఎందుకు చదవాలి అన్నది మా వాదన. అప్పీల్ లాయరమ్మ ఏమందో తెలుసా, 9-3 అన్న అంకె మనకి పనికొస్తుందంది. ఇంత దగ్గరగా వచ్చిన తీర్పయితే ఆ సూచనే అటు తిప్పి ఉండొచ్చని చెప్పడానికి బలం ఉంటుందట. ఇన్నాళ్లూ ఆ అంకె తలుచుకుంటేనే నాకు కడుపులో దేవినట్టుండేది.

తర్వాత లాయరమ్మ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కోర్టులో అన్న మాటలన్నీ టైపు చేసిన కాగితాలు తీసి, జ్యూరీని ఒక్కొక్కరినీ అడిగిన పేజీ చూపించింది. ఇక్కడ సివిల్ కేసుల్లో చాలాచోట్ల ఆ మాటలు టైపు చేసే కోర్టు రిపోర్టర్ని మన డబ్బుతో మనమే పెట్టుకోవాలి, మేం పెట్టుకున్నాం కాబట్టి బతికాం. శాన్ డియాగోలో ఒకాయన డాక్టరు మీద వేసిన కేసులో రిపోర్టరు లేక, ఏం జరిగిందో చూపించే కాగితమే లేక కింది అప్పీల్ కోర్టులో పోయింది, 2018లో రాష్ట్ర సుప్రీం కోర్టు దాకా వెళ్లాక గానీ డబ్బు లేనివాళ్లకి కోర్టే రిపోర్టర్ని ఇవ్వాలని తేలలేదు. సరే ఆ పేజీలో ఏముందంటే, జ్యూరర్ నంబర్ 11, అవును. అంతే. ఆ ఆగడం లేదు, ఆ చూపు లేదు. అక్క ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

అవతలివాళ్లు ఒక మాట పంపారు, అప్పీల్ మానుకుంటే వాళ్ల కోర్టు ఖర్చుల బిల్లు వదిలేస్తామని. అది చిన్న బిల్లు కాదు, వాళ్ల నిపుణుల ఫీజులు కూడా అందులో ఉన్నాయి. నేను తీసుకుందాం అక్కా అన్నాను, అవును నేనే అన్నాను, ఇల్లు పోతుందేమోనని భయం. పైగా మళ్లీ విచారణ జరిగి గెలిచినా బాధకీ నొప్పికీ ఇచ్చే డబ్బుకి ఈ రాష్ట్రంలో పరిమితి ఉంది, 1975 నుంచి రెండున్నర లక్షల డాలర్లే, 2023లో మూడున్నర లక్షలు చేసి ఏటా కొంత పెంచుతున్నారు. అక్క బావ వైపు చూసింది. బావ చెయ్యి వణుకుతోంది, కాఫీ సాసర్లో ఒలుకుతోంది, "నన్ను నడిపించి చూడలేదని ఎవరో ఒకరు రాయాలిగా" అన్నాడు. మాట నిదానంగా, ఒక్కో ముక్కా కూడబలుక్కుని. అక్క పెన్ను అడిగింది. రేపల్లె పాసింజర్ రోజు అక్క మొహం గుర్తుందా నీకు, అచ్చం అదే మొహం.

ఓపెనింగ్ బ్రీఫ్, అంటే అప్పీల్ కోర్టుకి మేం రాసిచ్చే మొదటి వాదన, 14,000 మాటలు దాటకూడదట, అందులో ఈయన బతుకంతా ఎలా

ఒరేయ్ బావ లేచాడు, ఫిజియోథెరపీకి నేనే దింపాలి, వాకర్ వదిలేసి కారు దగ్గరికి వెళ్లిపోతున్నాడు, మిగతాది రాత్రికి