2024–25 వార్షిక నివేదిక: వరద నీళ్లు, తడిసిన సర్టిఫికెట్లు, ఆదివారం బల్ల

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నివేదిక రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది సెప్టెంబరు 1. బుడమేరు వాగు మన విజయవాడ సింగ్ నగర్ వీధుల్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మన గోడల మీద నీటి గీత ఇంకా పోలేదు. 7న చవితి పందిరి వేయలేదు. అప్పటికే వసూలైన చందా మంచినీళ్లకూ బ్లీచింగుకూ పెట్టాం. కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు సాయం ప్రకటించాక, జాబితాలో పేరు రానివాళ్ల కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయం చుట్టూ తిరిగింది మన కుర్రాళ్లే. డ్రైనేజీ, వీధి దీపాల పని ఎప్పటిలాగే అడగ్గా అడగ్గా కొంత అయింది. జమాఖర్చుల కాగితం హాలు గోడకు అంటించాం, చూసుకోండి.

ఇక ఈ ఏడాది కొత్తగా చేసిన పని. నీళ్లు తీశాక చాలా ఇళ్లలో పదో తరగతి మెమోలు, ఐటీఐ సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. డూప్లికేట్లకు దరఖాస్తు పెట్టించడానికని అక్టోబరులో కమ్యూనిటీ హాలులో ఆదివారాలు ఒక బల్ల వేశాం. వచ్చినవాళ్లు కాగితం పని అయ్యాక కూడా లేచేవాళ్లు కాదు. "అదలా ఉంచండి, ఉద్యోగం సంగతి ఏమైనా తెలుసా అండీ?" అనేవాళ్లు. మాకు తెలీదు. తెలుసుకుందామని బయల్దేరాం.

తెలిసింది ఏమిటంటే, పథకాలకు కొదవ లేదు. టైలర్లకు, వడ్రంగులకు, మొత్తం 18 వృత్తులవాళ్లకు విశ్వకర్మ పథకం ఉంది. శిక్షణ రోజుకు 500, పనిముట్లకు 15 వేలు. అది కేంద్రంలో చిన్న పరిశ్రమల శాఖది. 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు నెలకు 5 వేల ఇంటర్న్‌షిప్ 2024 అక్టోబరులోనే వచ్చింది. అది కంపెనీ వ్యవహారాల శాఖది. గ్రామీణ యువతకు శిక్షణ గ్రామీణాభివృద్ధి శాఖది. పట్టణ పేదలకు మెప్మా అనే రాష్ట్ర సంస్థ. ఇవి కాక రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, ఉపాధి కల్పనకు పెట్టిన సీడాప్, ప్రభుత్వ ఐటీఐ. మనలో పెద్దవాళ్లు కార్డు రెన్యువల్ కోసం క్యూ కట్టిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ఇంకా ఉంది. దేనికి దానికి వేరే వెబ్‌సైటు, వేరే ఫారం, వేరే ఓటీపీ. వరదలో ఫోను పోయి నంబరు మారినవాళ్ల పాట్లు చెప్పనలవి కాదు.

ఒక కుర్రాడు మూడు సర్టిఫికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడూ దుకాణంలో అమ్మకాల కోర్సువే, మూడు వేర్వేరు పథకాల కింద, మూడు వేర్వేరు సెంటర్లలో. "ఒకటి చేశావుగా, మళ్లీ ఎందుకు?" అంటే, "వాళ్లే పిలిచారండి, బ్యాచ్ నిండాలట" అన్నాడు. ఒక సెంటరు నేర్పినట్టు ఇంకో సెంటరుకు తెలీదు. ఇప్పుడు డెలివరీ బండి నడుపుతున్నాడు. ప్రభుత్వం మూడుసార్లు డబ్బు పెట్టింది, అతనికి ఒక్క ఉద్యోగం రాలేదు.

అందుకే 2025 ఫిబ్రవరి 7న కేంద్ర కేబినెట్ నైపుణ్య పథకాలను కలిపేసిందని పేపర్లో చూసి సంబరపడ్డాం. తీరా చదివితే, కలిపినవి మూడు: కొద్దికాలపు కోర్సుల కౌశల్ వికాస్ యోజన, అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, జన శిక్షణ సంస్థాన్. 2026 మార్చి వరకు 8,800 కోట్లు. మంచిదే. కానీ ఈ మూడూ అప్పటికే ఒకే నైపుణ్యాభివృద్ధి శాఖ కింద ఉన్నవే. మన బల్ల దగ్గర జనాన్ని తిప్పలు పెట్టే మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకే ఇంట్లో మూడు గదుల తలుపులు తీశారు. వీధిలో ఇళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

మన సభ్యుల్లో రైల్వేలో రిటైరైన పెద్దాయన ఈ బాధ మనకొక్కళ్లకే కాదని నెలవారీ సమావేశంలో చెప్పారు. అమెరికాలో 2011లో ఆడిట్ సంస్థ లెక్కతీస్తే, ఉద్యోగ శిక్షణ పథకాలు తొమ్మిది శాఖల్లో 47 తేలాయట. 2014లో చట్టం తెచ్చి కొన్ని తీసేశారు. ఆ సంగతి విని హాల్లో కాసేపు నవ్వులు. మనం కొంచెం ఊరట పడ్డామేమో కూడా.

అయితే అన్నీ కలిపేయమని నేను అనను. ఇందులో మా కమిటీలోనే తగాదా ఉంది. జన శిక్షణ సంస్థాన్‌నే తీసుకోండి. 1967లో బొంబాయిలో కార్మికుల కోసం శ్రామిక విద్యాపీఠంగా మొదలైంది. చదువు రానివాళ్లకు, బడి మానేసినవాళ్లకు వాళ్ల పేటలోనే నేర్పుతుంది. మన కాలనీలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఊరవతల సెంటరుకు వెళ్లి రోజంతా కూర్చోలేరు. పెద్ద పథకంలో కలిశాక, టార్గెట్ల లెక్కల్లో ఇలాంటి చిన్న బ్యాచ్‌లు ఎగిరిపోతాయేమోనని నా భయం. కౌంటరు ఒకటి చాలు, కోర్సులు మాత్రం ఎవరికి తగ్గవి వాళ్లకు ఉండాలి. కోశాధికారి గారు ఒప్పుకోలేదు. పథకాలు ఎన్ని ఉంటే దళారులు అన్ని అంటారాయన. అదీ అబద్ధం కాదు.

ఆటోనగర్ వైపు మాత్రం పని బాగా జరిగింది. ఇరవై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మెకానిక్కుకు కాగితం లేదు. కొత్తగా కోర్సు చేయక్కర్లేదు, వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కౌశల్ వికాస్ యోజనలోనే ఉందని చెబితే, చాలామంది మొదటిసారి విన్నారు. షెడ్ల యజమానులకు కూడా ఒక మాట చెప్పాం: నలుగురు పనివాళ్లుంటే అప్రెంటిస్‌ను పెట్టుకోవచ్చు, 30 మంది ఉంటే పెట్టుకోవాల్సిందే. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం ఇస్తుంది. టీ తాగుతూ విన్నారు. ఇద్దరు ఫారాలు అడిగారు.

మంగళగిరిలో నైపుణ్య గణన, అంటే ఎవరికి ఏ పని వచ్చో రాసుకునే సర్వే, ప్రయోగాత్మకంగా మొదలైంది కాబట్టి, ఆ వివరాలే అన్ని శాఖలూ వాడుకోవాలనీ, మనిషిని మళ్లీ మళ్లీ అడగొద్దనీ, నగరంలో అన్ని పథకాలకూ కలిపి ఒక కౌంటరు పెట్టాలనీ కలెక్టరు గారికి ఇవ్వడానికి వినతిపత్రం రాశాం. చిత్తుప్రతి హాల్లో ఉంది. సర్వసభ్య సమావేశంలో చదివి, మార్పులుంటే చేసి, సంతకాలు పెట్టిస్తాం. కోశాధికారి గారి వాదన కూడా అందులో ఒక పేరాగా చేర్చాం.

బల్ల వచ్చే ఏడాదీ ఉంటుంది, ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. వచ్చేటప్పుడు ఆధార్‌తో పాటు దానికి లింకైన ఫోను కూడా తేవాలి. వరదలో పాడైన ప్రింటరు మళ్లీ బాగవలేదు, ఎవరింట్లోనైనా వాడనిది ఉంటే ఇప్పించండి. ఇంగ్లిష్ ఫారాలు నింపగల పిల్లలు ఇద్దరైనా కావాలి, ఇప్పుడున్న అమ్మాయికి జూన్‌లో పెళ్లి.

కార్యదర్శి