మూడింటికి తలుపు తీసినవాళ్ళకి

రేపు నాగుల చవితి. పొద్దున్నే తలంటుకుని, చిమ్మిలి, చలిమిడి పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్ళాలి. ఏటా వెళ్తున్నదే. ఈసారి మాత్రం పుట్టలో పాలు పోసేలోపు కొంతమందికి దణ్ణం పెట్టుకుంటే గానీ నాకు మనసు ఊరుకోదు. అందుకే ఇది రాస్తున్నా. పేర్లు రాయొద్దని వాళ్ళలో ఇద్దరు గట్టిగా చెప్పారు. ఇద్దరివి మానేసి మిగతావాళ్ళవి రాస్తే బాగుండదు కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు. మా ఊరివాళ్ళకి చదవగానే తెలిసిపోతుందిలెండి.

మాది దివిసీమ. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, మా ఆయన మూడెకరాలు కౌలుకి చేస్తారు. శ్రావణంలో, ఊడ్పులు అయిపోయిన వారానికి, ఒక రాత్రి కరెంటు పోయింది. ఒకటే ఉక్క. మంచం వద్దని ఆయన వసారాలో చాప వేసుకుని పడుకున్నారు. రెండింటప్పుడు లేచి "చెవి వెనకాల చీమ కుట్టినట్టుందే" అన్నారు. టార్చి వేసి చూశాను. వాపు లేదు, రక్తం లేదు, గాటు లేదు. మళ్ళీ పడుకున్నారు. మూడు కొట్టేసరికి కడుపులో మెలితిప్పినట్టు నొప్పి, రెండు వాంతులు. నా అనుమానం రాత్రి వండిన రొయ్యల కూర మీదకి పోయింది. వాము నమలమని ఇచ్చి, ఆర్‌ఎంపీ గారికి ఫోన్ కొట్టాను.

ఆర్‌ఎంపీల మీద నాకు లేని కంప్లయింటు లేదు. జ్వరమంటే సెలైను, ఒళ్ళునొప్పులంటే సూది, అంతే కదా వాళ్ళ వైద్యం అనుకునేదాన్ని. ఆ రాత్రి ఆయన లుంగీ మీదే సైకిలేసుకుని వచ్చారు. పెట్టె తెరవలేదు. నేరుగా మా ఆయన మొహం మీద టార్చి వేసి, "పైకి చూడండి, నా వేలు చూడండి" అన్నారు. మా ఆయన తల పైకెత్తారు గానీ కనురెప్పలు లేవలేదు. "నిద్రమత్తండీ" అన్నాను నేను. "రాత్రి కింద పడుకున్నారా?" అని అడిగారు. అవునన్నా. "ఇది గ్యాసు కాదమ్మా, కట్లపాము అయ్యుంటుంది. లేవండి" అన్నారు.

నేను ఆ మనిషికి ఎందుకు రుణపడ్డానో తెలియాలంటే మా చినమావయ్య సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ కింద ఆయన్ని చేలో రక్తపింజర కరిచింది. కాలికి తువ్వాలు బిగించి కట్టారు. బ్లేడుతో గాటు పెట్టారు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడిగారు, పచ్చిమిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని అడిగారు. ఆ పరీక్షలకే గంటన్నర పోయింది. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, ముందు డబ్బు కట్టమని కౌంటరు దగ్గర నిలబెట్టారు. అక్కడినుంచి ఇంకో చోటికి. మూడో చోట మందు ఉంది గానీ మావయ్య లేడు. అప్పుడు కూడా మాకు ఫోన్లున్నాయి, రోడ్డుంది, ఆటోలున్నాయి. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈసారి తెలిసింది. ఎలా తెలిసిందో నాకు ఆసుపత్రిలో కూర్చున్న రోజుల్లో ఒక్కొక్కటిగా అర్థమైంది.

మా పీహెచ్‌సీ డాక్టరు మేడమ్ జూన్ నెలాఖర్లో ఒక మీటింగు పెట్టారట. అవగాహన సదస్సులు మేం చాలానే చూశాం. ఫ్లెక్సీ, ర్యాలీ, టీ బిస్కట్టు, ఫొటో, చప్పట్లు. 2018లో మా సీమలో పాముకాట్లు మరీ ఎక్కువైనప్పుడు మోపిదేవి గుళ్ళో సర్పయాగం కూడా చేయించారు, తప్పేం లేదు, నేనూ దణ్ణం పెట్టుకున్నాను. మేడమ్ ఈ మీటింగుకి ఊరందరినీ పిలవలేదు. అర్ధరాత్రి ఎవరికైనా ఏదైనా అయితే జనం ముందు ఎవరి తలుపు కొడతారో వాళ్ళని పిలిచారు. చుట్టుపక్కల ఆర్‌ఎంపీలు, ఆటో స్టాండు కుర్రాళ్ళు, మందుల షాపు వాళ్ళు, ఎరువుల కొట్టాయన, లైన్‌మన్, అంగన్‌వాడీ టీచర్లు, ఇంకా పాముమంత్రం వేసే తాత. మధ్యాహ్నం పెడితే ఆటోవాళ్ళు రారని, రాత్రి ఏడింటికి పెట్టాలని ఆశా అక్క పట్టుబట్టిందట. అందరూ వచ్చారు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవాళ్ళు పన్నెండు లక్షలని, అంటే ఏడాదికి సుమారు 58,000 మంది అని, అందులో ఎక్కువమంది ఆసుపత్రికి చేరకుండా ఊళ్ళల్లోనే పోతున్నారని మేడమ్ చెప్పారట. 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గించాలని 2024 మార్చిలో ఢిల్లీలో జాతీయ ప్రణాళిక విడుదల చేశారు. ఆ ప్రణాళిక ఎన్ని పేజీలుందో గానీ, మా ఊరికి వచ్చింది ఒక ఏ4 కాగితం. దానికే నా దణ్ణం.

ఆ కాగితం వెనక ఒక చిన్న కథ ఉంది. ముందు పైనుంచి వచ్చిన కరపత్రంలో "సర్పదంశమునకు గురైన వ్యక్తి యందు కనిపించు లక్షణములు" అని ఉందట. ఆశా అక్క చదివి, "మేడమ్, ఇది నాకే అర్థం కాలేదు" అందట. ఇద్దరూ కూర్చుని తిరగరాశారు. "కింద పడుకున్న మనిషి తెల్లారగట్ల కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలినా, మింగుడు పడకపోయినా, కాటు కనపడకపోయినా పాము అనుకోండి." ఇదీ వాళ్ళు రాసిన వాక్యం. మా ఆర్‌ఎంపీ గారు మొహం మీద టార్చి వేసింది ఈ వాక్యం వల్లే. అక్క ఆ కాగితాలు పంచేసి వెళ్ళిపోలేదు. ప్రతివాళ్ళ చేతా పైకి చదివించింది. చదువు రానివాళ్ళ చేత చెప్పించింది.

108కి ఫోన్ చేస్తే బండి ఎక్కడో కాన్పు కేసు మీద ఉంది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. ఆర్‌ఎంపీ గారు ఆగలేదు. మా వీధి చివర ఆటో తమ్ముణ్ణి లేపారు. అతని సీటు వెనక, సినిమా హీరో స్టిక్కరు పక్కనే, ఈ కాగితం అంటించి ఉంది. "పగలైతే పీహెచ్‌సీ. రాత్రయితే నేరుగా ఏరియా ఆసుపత్రి. బయలుదేరగానే ఈ నంబరుకి చెప్పండి" అని, కింద డ్యూటీ రూము నంబరు. తమ్ముడు ఒక చేత్తో చొక్కా వేసుకుంటూ ఇంకో చేత్తో ఆ నంబరు కొట్టాడు. మేం వెళ్ళేసరికి స్ట్రెచరు గుమ్మంలో ఉంది. డీజిలు డబ్బులు ఇవ్వబోతే ఇప్పటికీ తీసుకోడు. వాళ్ళావిడకి రెండు జాకెట్లు కుట్టి పంపాను, అవి మాత్రం వాపసు రాలేదు.

ఆటో ఎక్కేముందు మా అత్తగారు ఒక పని చేశారు. నాకు చెప్పకుండా మంత్రం తాతకి ఫోన్ చేసి, దారిలో ఆపుతామని అడిగారు. అలాంటి ఆగుళ్ళే మా చినమావయ్యని తీసుకుపోయాయి. తాత ఏమన్నారంటే, "నా గుమ్మంలో ఆపితే తలుపు తియ్యను. ముందు సూది వేయించండి. మంత్రం ఇక్కడినుంచి వేస్తాను, దానికి మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు." మీటింగులో మేడమ్ ఆయన్ని ఎగతాళి చెయ్యలేదట. "తాతా, నీ దగ్గరికి వచ్చినవాళ్ళని ముందు నా దగ్గరికి తోలు, వాళ్ళు ఆటోలో ఉండగా నువ్వు మంత్రం వేసుకో" అన్నారట. నలభై ఏళ్ళుగా ఊరు నమ్మిన నోటితోనే ఆ మాట చెప్పించడం ఎంత తెలివైన పనో నేను ఇంకా తలుచుకుంటూనే ఉన్నాను.

ఆసుపత్రిలో ముందు గాజు ట్యూబులో కొంచెం రక్తం తీసి, స్టాండులో నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఎవరూ కదపొద్దన్నారు. గడ్డకట్టకపోతే పింజర జాతి అని నర్సమ్మ చెప్పింది. మాది గడ్డకట్టింది. హమ్మయ్య, పాము కాదన్నమాట అనుకున్నాను. డ్యూటీ డాక్టరు గారు మాత్రం ఆ ట్యూబు కోసం ఆగలేదు, రెప్పలు చూసే మందు మొదలుపెట్టించారు. కట్లపాము విషం రక్తం జోలికి పోదట, నరాల మీదకి పోతుందట. నాగుపాముకి, కట్లపాముకి, రెండు రకాల పింజరలకి కలిపి ఒకటే మందు కాబట్టి ఏ పామో తెలియకపోయినా వెయ్యొచ్చు. పది సీసాలు. ఒక్కోదాంట్లో అడుగున తెల్లటి పొడి ఉంటుంది. నీళ్ళు ఎక్కించి నర్సమ్మ ఒక్కో సీసానీ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లించింది. గట్టిగా ఊపితే నురగ వస్తుందట. నాకు ఆత్రం, "త్వరగా అమ్మా" అంటున్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. ఆ అరచేతులు నా కళ్ళల్లో ఉండిపోయాయి.

ఐదింటికి మెడ నిలబడలేదు. ఊపిరి తగ్గింది. విషం నరానికి అంటుకుపోయాక మందు దాన్ని ఊడదియ్యలేదు, ఇంకా అంటుకోకుండా ఆపుతుంది, నరం తేరుకునేదాకా ఊపిరి మనమే ఆడించాలి అని చెప్పి గొంతులో గొట్టం వేశారు. బందరు పెద్దాసుపత్రి దాకా అంబులెన్సులో ఒకబ్బాయి రబ్బరు సంచి నొక్కుతూనే ఉన్నాడు. లెక్కపెట్టుకుంటూ నొక్కుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. అతనెవరో నాకు తెలియదు. తమ్ముడూ, ఇది నీ దాకా వస్తే ఒకసారి మా ఇంటికి భోజనానికి రా.

నాలుగు రోజులు వెంటిలేటరు. కళ్ళు తెరవరు, వేలు కదపరు. చుట్టాలు వచ్చి "ఇంకేముందమ్మా" అన్నారు. ఐసీయూ మేడమ్ మాత్రం "ఆయనకి అన్నీ వినపడుతుంటాయి, మంచి మాటలే మాట్లాడండి" అని కసిరారు. నిజమే. ఐదో రోజు రెప్ప లేచింది, ఏడో రోజు మాట వచ్చింది. వచ్చీ రాగానే, తన చీటీ డబ్బు సంగతి మంచం పక్కన ఎవరెవరు ఏం మాట్లాడుకున్నారో వరసగా చెప్పేశారు. ఆ బంధువులు ఈ మధ్య మా ఇంటికి రావట్లేదు.

పెద్దాసుపత్రిలో మందుకి పైసా తీసుకోలేదు. ఆ మందు ఎక్కడిదని అడిగితే అక్కడి డాక్టరు బాబు చెప్పాడు. పాము విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడుని తీసి చేస్తారట. ఆ విషంలో చాలాభాగం చెన్నై దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుందట. 1978లో పెట్టుకున్న సంఘం, పాముల్ని పట్టి, విషం తీసుకుని, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. కాబట్టి ముక్కూ మొహం తెలియని ఆ ఇరుల అన్నలకి, గుర్రాలకి కూడా మా ఇంటిల్లిపాదీ తరఫున దణ్ణాలు. గుర్రాలకి దణ్ణమేంటని మా అమ్మాయి నవ్వుతోంది. నవ్వనీ.

మేడమ్, నేను మీ కాగితాన్ని అడక్కుండానే జిరాక్సు తీయించాను. కుట్టిన జాకెట్టుతో పాటు ఒకటి మడిచి పెడుతున్నాను. ఎరువుల కొట్టాయన పురుగుమందుల అలమారా మీద అంటించాడు, రైతు నిలబడే చోట సరిగ్గా కంటికి ఎదురుగా. చదువుతున్నవాళ్ళ కోసం మిగతా భాగం కూడా రాస్తాను. కరిచిన మనిషిని నడిపించొద్దు, కదలనివ్వొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యండి, తర్వాత వాపొస్తే రావు. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు. పాము కోసం వెతుకుతూ టైము పోగొట్టొద్దు. వాంతులవుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. 108కి చెయ్యండి. పాముకాటుకే ప్రత్యేకంగా 15400 అని ఒక నంబరు పెట్టారు, మన ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. అన్నిటికన్నా ముందు, మీ ఊరికి దగ్గర్లో రాత్రిపూట డాక్టరూ మందూ రెండూ ఉండే ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కుని రాసి పెట్టుకోండి. మా కాగితం మీద ఉన్న ఆ లైను మాకే పనికొస్తుంది, మీది మీరే నింపుకోవాలి.

ఆ పాము మాకు ఇప్పటికీ కనపడలేదు. వసారాలో ఇటుకల కుప్ప ఎత్తించేశాను. మా ఆయన ఇప్పుడు మంచం మీదే, దోమతెరలో పడుకుంటున్నారు. దోమతెర అంచులు పరుపు కిందకి దోపమని రోజూ చెప్పాలి. ఇది రాస్తూ లేచి చూస్తే కాళ్ళవైపు మళ్ళీ వదిలేశారు. వెళ్ళి దోపి వచ్చాను.