శీనుగాడికి, మా న్యూయార్క్ కొత్త మేయరు సంగతులు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? వాట్సాప్‌లో "మీ మేయరు మనోడేనంటగా, అన్నీ ఫ్రీ అంటున్నాడంటగా" అని ఒక ముక్క పడేసి ఊరుకున్నావు, దానికి ఒక ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కాక ఇలా కూర్చున్నా, టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

మనోడా అంటే సగం మనోడే. జోహ్రాన్ మమ్దానీ, డైరెక్టర్ మీరా నాయర్ గారబ్బాయి, పుట్టింది ఉగాండాలోని కంపాలాలో, ఏడేళ్ళప్పుడు న్యూయార్క్ వచ్చాడు. గెలిచేటప్పటికి 34 ఏళ్ళు. మొన్నటిదాకా క్వీన్స్‌లో ఆస్టోరియా నుంచి రాష్ట్ర అసెంబ్లీ మెంబరు, అంతే. అలాంటోడు ఆండ్రూ క్యూమో అని పదేళ్ళు గవర్నర్‌గిరీ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసినాయన్ని 2025 జూన్‌లో ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో) ఓసారి, నవంబర్ 4న అసలు ఎన్నికలో మళ్ళీ ఓసారి ఓడించాడు. 20 లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి, 1969 తర్వాత మేయర్ ఎలక్షన్‌కి ఇంతమంది ఎప్పుడూ కదల్లేదంట. నాకు ఓటు లేదనుకో, హెచ్‌వన్‌బీ గాళ్ళం టాక్సులు కట్టడానికే గదా పనికొచ్చేది. గెలిచిన రాత్రి స్పీచ్‌లో నెహ్రూ గారి అర్ధరాత్రి ప్రసంగం లోంచి ఒక వాక్యం చదివితే మా ఆవిడ టీవీ సౌండ్ పెంచింది. ప్రమాణం కూడా 2026 జనవరి 1 అర్ధరాత్రే చేశాడు, అదీ 1945లో మూసేసిన పాత సిటీ హాల్ సబ్‌వే స్టేషన్‌లో మెట్ల మీద.

సరే, అసలు సంగతికొస్తా. ఇతను చెప్పేది ఒకటే పాట, ఈ ఊళ్ళో మామూలోడు బతకలేకపోతున్నాడు, ఖర్చులు తగ్గించాలి అని. అద్దెలు పెంచకుండా ఆపేస్తా, బస్సులు ఫాస్ట్‌గా ఫ్రీగా నడిపిస్తా, ఆరు వారాల బిడ్డ దగ్గర్నుంచి ఐదేళ్ళ దాకా చైల్డ్‌కేర్ ఫ్రీ, ఊరి ఐదు భాగాల్లో ఒక్కోటి చొప్పున సిటీ వాళ్ళే నడిపే కిరాణా షాపులు. వింటుంటే మన ఊరి మేనిఫెస్టోలాగే ఉంది గదా, నేనూ మొదట అలాగే నవ్వుకున్నా. కానీ తర్వాత కూర్చుని చూస్తే ఇందులో ఏది ఇతని చేతిలో ఉంది, ఏది లేదు అన్నదే అసలు కథ అనిపించింది.

అద్దె సంగతి చూడు. ఇక్కడ రెంట్ స్టెబిలైజ్డ్ అని దాదాపు పది లక్షల అపార్ట్‌మెంట్లున్నాయి, ఎక్కువగా 1974కి ముందు కట్టిన పాత బిల్డింగులు, మాదీ అలాంటిదే, గోడలో పైపులు రాత్రంతా టకటకా కొట్టుకుంటుంటాయి. వీటి అద్దె ఓనర్ ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు, తొమ్మిది మంది బోర్డు ఒకటుంది, ఏటా జూన్‌లో ఓటేసి ఎంత పెంచొచ్చో చెప్తారు. 2025 జూన్‌లో ఏడాది లీజుకి 3 శాతం అన్నారు. ఆ తొమ్మిది మందినీ వేసేది మేయరే! బిల్ డి బ్లాసియో మేయర్‌గా ఉన్నప్పుడు ఇదే బోర్డు మూడుసార్లు సున్నా అంది కూడా. కాబట్టి ఇది మాత్రం జరగొచ్చు. ఓనర్లేమో బాయిలర్ల రిపేర్లు, ఇన్సూరెన్సు, ప్రాపర్టీ టాక్సు పెరుగుతుంటే మేమెక్కడ తెచ్చేది అంటున్నారు, వాళ్ళ మాటా పూర్తిగా కొట్టిపారెయ్యలేం, పాత బిల్డింగులు పాడుపెట్టేస్తే చివరికి ఏడ్చేది మేమే.

బస్సుకొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. ఈ ఊళ్ళో బస్సులు, సబ్‌వే నడిపేది ఎంటీఏ, అది రాష్ట్రానిది, పగ్గాలు గవర్నర్ చేతిలో. టికెట్ 2026 జనవరిలో 3 డాలర్లు చేశారు. మీ దగ్గర స్త్రీశక్తి అని 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు గదా, అమ్మ బెజవాడ నుంచి గుడివాడకి జీరో టికెట్ మీద వెళ్ళొస్తోందని నువ్వే చెప్పావు, అది అయ్యింది ఎందుకంటే ఆర్టీసీ ప్రభుత్వానిది, పెట్టిందీ ప్రభుత్వమే. ఇక్కడ మేయరు తలుచుకుంటే చాలదు. అయితే ఒకటి, బస్సు లేన్లు వేసేది మాత్రం సిటీ వాళ్ళే, అంటే ఫాస్ట్ ఇతని చేతిలో ఉంది, ఫ్రీ లేదు. నన్నడిగితే ఫాస్టే కావాలి. మా బస్సులు గంటకి ఎనిమిది మైళ్ళు, మన లెక్కలో 13 కిలోమీటర్లు, ఆ వీధిలో డెలివరీ కుర్రాడు సైకిల్ మీద నన్ను దాటిపోయి ఆర్డర్ ఇచ్చి తిరిగొస్తూ మళ్ళీ కనిపిస్తాడు. పైగా బస్సెక్కేవాళ్ళలో సగానికి దగ్గరగా టికెట్టే కొట్టట్లేదు, వాళ్ళకి ఇప్పటికే ఫ్రీ!

చైల్డ్‌కేర్ గురించి మాత్రం నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను, మా బుడ్డదాని డేకేర్‌కి నెలకి రెండువేల డాలర్లు పైన పోస్తున్నా, అది అక్కడ చేసేది రంగులు పూసుకోవడం, జలుబు అంటించుకు రావడం. దీనికి డబ్బు కోసం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్ళ మీద ఇంకో 2 శాతం టాక్సు వేస్తానన్నాడు, ఆ వేసే అధికారం కూడా రాష్ట్ర రాజధాని ఆల్బనీలోనే ఉంది, గవర్నర్ క్యాథీ హోకల్ ఏమో ఆదాయపు పన్ను పెంచను అంది, 2026లో ఆవిడకీ ఎలక్షన్. ఇక్కడ ఓ పాత ముచ్చట చెప్పాలి. 2014లో డి బ్లాసియో కూడా నాలుగేళ్ళ పిల్లలకి ఫ్రీ ప్రీకే (బడికి ముందు క్లాసు) పెడతా, ధనవంతుల మీద టాక్సు వేస్తా అని పట్టుబట్టాడు. అప్పటి గవర్నర్ టాక్సు కుదరదన్నాడు, కానీ డబ్బు మాత్రం తన బడ్జెట్ లోంచి ఇచ్చాడు. ఆ గవర్నర్ ఎవరనుకున్నావు? ఈ క్యూమోనే! ఇప్పుడూ అదే దారిలో పోతున్నట్టుంది, 2026 జనవరిలో హోకల్, ఇతనూ పక్కపక్కన నిలబడి రెండేళ్ళ పిల్లలకి ఫ్రీ కేర్ మొదలుపెడతామని, మొదటి రెండేళ్ళ ఖర్చు రాష్ట్రానిదేనని ప్రకటించారు. టాక్సు ఊసు లేదు. టాక్సు అడిగితే కనీసం డబ్బొస్తుందన్న లెక్క ఇతనికి ముందే తెలుసనుకుంటా, గట్టోడే.

కిరాణా షాపులంటావా, ఐదు షాపులతో 85 లక్షల మంది ఊరికి ఏమవుతుంది చెప్పు. మన రైతు బజారు లాగా పక్క షాపోడు రేటు తగ్గించుకునేలా చేస్తే చాలు, అంతకు మించి నేను ఆశపడట్లేదు.

ఇంకోటి చెప్పకపోతే నిద్ర పట్టదు. విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి దిగేచోట సైకిల్ దారిలో ఒక గతుకు ఉండేది, ఏళ్ళ తరబడి సైకిలోళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఇతను మేయర్ కుర్చీ ఎక్కిన మొదటి వారంలోనే పార పట్టుకుని తారు వేయించాడు, తనూ వేశాడు. కెమెరాల కోసమే కావచ్చు, ఫొటోల పిచ్చి ఇతనికి బాగానే ఉంది, అయినా గతుకు పోయింది గదరా!

బెజవాడ మేయర్లకి ఆ పాటి చెయ్యడానికి కూడా కమిషనర్ సంతకం కావాలి. ఒకప్పుడు మనకీ మేయర్ని జనమే నేరుగా ఎన్నుకునేవాళ్ళు, పంచుమర్తి అనురాధ గారు 2000లో 26 ఏళ్ళకే మేయర్ అయ్యారు, మనం అప్పుడు ఎంత గొప్పగా చెప్పుకున్నామో గుర్తుందా. ఇప్పుడు కార్పొరేటర్లు కలిసి ఎన్నుకుంటారు, పెత్తనమంతా కమిషనర్‌ది, ఆయన్ని పంపేదేమో రాష్ట్రం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం కార్పొరేషన్‌ని తిట్టారు, ఆ బుడమేరేమో ఇరిగేషన్ వాళ్ళది. ఎవరి చేతిలో ఏముందో తెలియక రాంగ్ అడ్రస్‌కి తిట్లు పంపుతుంటాం.

ఇదంతా ఎందుకు రాశానంటే, కార్పొరేటర్‌గా నిలబడమని మీ వార్డు వాళ్ళు అడుగుతున్నారని మొన్న ఫోన్లో నసిగావు గదా. మన పాలకవర్గం గడువు 2026 మార్చి దాకానే, ఎలక్షన్ ఎప్పుడు పెట్టినా పెడతారు. నిలబడు, కానీ మంచినీళ్ళు, కొత్త ఫ్లైఓవర్ అని పెద్ద పెద్ద మాటలు ఇవ్వకు, కార్పొరేటర్ ఫండ్‌తో ఏమేం చెయ్యొచ్చో ముందు కనుక్కో, మీ సందు చివర డ్రెయిన్ మీద పలక విరిగి ఎన్నాళ్ళయిందో చూడు, దాంతో మొదలుపెట్టు. పాంప్లెట్ రాసేటప్పుడు నాకు పంపు, తప్పులు నేను దిద్దుతా, నీ తెలుగు నాకు తెలుసు.

అమ్మని అడిగానని చెప్పు. బస్సులో సీటు దొరక్కపోతే ఎక్కొద్దని కూడా చెప్పు, మోకాళ్ళు జాగ్రత్త.

ఉంటా మరి,
నీ రాంబాబు