శీనాకి, నలభై ఏడో బిట్టు గురించి

ఒరేయ్ శీనా,

తిట్టేదంతా ముందే తిట్టేసుకో, తర్వాత చదువు. సంక్రాంతికి ముందు రాసిన మెయిలుకి ఇప్పుడా జవాబు అంటావు, నిజమే. మూడుసార్లు మొదలుపెట్టా. ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి చిన్నది ల్యాప్‌టాప్ మీద సేమియా పాయసం పోసింది, మూడోసారి మాత్రం ఉత్త బద్ధకం. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: అందరం బాగుండాం, మీ చెల్లెలి బదిలీ ఆగింది, పెరట్లో బావి పూడ్చేశాం (ఏడవద్దు, నీ చెంబు అందులోనే ఉండిపోయింది), పెద్దమ్మకి రిపోర్టులు బాగా వచ్చినాయి, మళ్లీ ఆరు నెలలకి రమ్మన్నారు. అంతే. ఇప్పుడు అసలు సంగతి.

నలభై ఏడో బిట్టు గుర్తుందా? కోచింగ్‌లో ఆ ఆదివారం టెస్టు, దేశంలో తొలి మహిళా శాసనసభ్యురాలు ఎవరు అని. నువ్వేమో సరోజినీ నాయుడు అని అంత ధీమాగా పెట్టి, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నాకు క్లాసు పీకావు. నేను ముత్తులక్ష్మి రెడ్డి అని పెట్టా, ఎందుకు పెట్టానో నీకు మాత్రమే తెలుసు, పేరు చివర రెడ్డి ఉంది, మన కోవూరు పక్క మనిషేమోలే అనుకున్నా! మార్కు వచ్చింది. ఆ ఒక్క మార్కుకి నువ్వు వారం రోజులు నాతో మాట్లాడలేదు. అంతటితో ఆవిడని ఇద్దరం మర్చిపోయాం.

మొన్న పెద్దమ్మని తీసుకుని చెన్నై పోయా కదా, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి. బెంచీ మీద కూర్చున్నాం, పక్కన కావలి వాళ్లు, వెనకాల మదనపల్లె వాళ్లు, మన జిల్లా బస్టాండులో ఉన్నట్టే ఉంది, అంతా తెలుగే. పెద్దమ్మ ఒళ్లో ఫైలు, ఫైలు మీద మజ్జిగ సీసా, సీసా మీద చెయ్యి. ఉన్నట్టుండి అడిగింది, "ఇంత ఆసుపత్రి ఎవురు కట్టించార్రా అబ్బాయ్?" అని. నాకేం తెలుసు. ముందు బెంచీలో తలకి స్కార్ఫు కట్టుకున్న ఒకామె వెనక్కి తిరిగి "ముత్తులక్ష్మమ్మ" అంది, అరవం కలిసిన తెలుగులో. నాకు ఒక్క క్షణం ఏమీ తట్టలా. తర్వాత టపీమని నలభై ఏడో బిట్టు! ఆ టిక్కు పెట్టినామె ఈమేనా అని ఫోన్ తీశా, ఆ మధ్యాహ్నమంతా అందులోనే పోయింది. శాసనమండలిలో తన అనుభవాలు ఆవిడే 1930లో పుస్తకంగా రాసుకుంది, దాని స్కాన్ కాపీ దొరికింది. పెద్దమ్మని లోపలికి పిలిచింది కూడా నాకు వినబడలేదు, స్కార్ఫు ఆమే తట్టి లేపింది.

ముందు నీకో శుభవార్త. ఆ బిట్టే సరిగ్గా లేదు. బ్రిటిష్ ఇండియాలో అని ఉండాల. తిరువాన్కూరు సంస్థానంలో మేరీ పూనెన్ లూకోస్ అని ఇంకో డాక్టరమ్మ అంతకు కొన్నేళ్ల ముందే శాసనసభకి నామినేట్ అయింది. కాబట్టి నా మార్కులో అర మార్కు వెనక్కిస్తా. నీ సరోజినీ నాయుడు మాత్రం తప్పే, అందులో మార్పు లేదు.

ఇంక ఈవిడ కథ విను. 1886లో పుదుక్కోటలో పుట్టింది, తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కాలేజీకి ప్రిన్సిపాలు, తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల ఇంటి ఆమె. ఈ ముక్క గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది. మగపిల్లల కాలేజీలో చేరతానంటే ఊరు ఊరంతా గోల, మా పిల్లల్ని మానిపించేస్తాం అని, చివరికి మహారాజే సీటు ఇప్పించాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో 1912కి డాక్టరు అయింది. 1914లో సుందర రెడ్డి అనే డాక్టరుని చేసుకుంది, అదిగో ఆ రెడ్డి అక్కడి నుంచి వచ్చింది, కోవూరు కాదు. పెళ్లికి ముందే షరతు పెట్టిందంట, నన్ను సమానంగా చూడాల, నా ఇష్టానికి అడ్డురాకూడదు అని. మీ చెల్లెలికి ఇది చదివి వినిపించా, వినిపించి ఉండకూడదు, ఇప్పుడు పాలప్యాకెట్ దగ్గర్నుంచి అన్నిటికీ "నా ఇష్టానికి అడ్డురాకూడదు" అంటోంది.

ఇప్పుడు శాసనమండలి. మద్రాసులో ఆడవాళ్లకి 1921లోనే ఓటు వచ్చింది, నిలబడే హక్కు మాత్రం 1926లో. ఆ ఏడే కమలాదేవి చట్టోపాధ్యాయ నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయింది. అప్పుడు మహిళా సంఘం వాళ్లు ముత్తులక్ష్మి పేరు చెప్తే ప్రభుత్వం నామినేట్ చేసింది. ఆవిడకేమో మొదట అంత ఇష్టం లేదురా! చేతి నిండా రోగులు, నాకు ఈ రాజకీయాలు ఎందుకు అని వెనకాడింది. ఇంట్లోవాళ్లూ సంఘంవాళ్లూ పోరితే ఒప్పుకుంది. తీరా పోయాక 1927 జనవరిలో ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలు. నూటికి పైగా మగాళ్లు, ఒక్క ఆడమనిషి, ఆవిడే అధ్యక్షుడు లేనప్పుడు కుర్చీలో కూర్చుని సభ నడపాల. అధ్యక్షుడు ఎవరనుకున్నావు, మన తెలుగాయనే, సి.వి.ఎస్. నరసింహరాజు. ఈ పేరు ఏ బిట్టులోనూ రాలేదు చూడు.

పోనీ అలంకారానికి కూర్చోబెట్టారేమో అనుకున్నా. కాదు. బళ్లలో పిల్లలకి డాక్టర్ల తనిఖీ, పేద ఆడపిల్లలకి ఫీజు మాఫీ, పిల్లలకి విడిగా ఆసుపత్రి వసతి, ఒకటి తర్వాత ఒకటి అడుగుతానే ఉంది. ఆడపిల్లకి పెళ్లి వయసు 16, మగపిల్లాడికి 21 చెయ్యాలని అడిగింది. 1929లో శారదా చట్టం వచ్చేసరికి 14, 18 దగ్గర ఆగారు. డాక్టరు కదా, పన్నెండేళ్ల పిల్ల పురిటికి వస్తే ఏం జరుగుద్దో చేతులతో చూసిన మనిషి. వాదన పుస్తకాల్లోంచి కాదు, వార్డులోంచి వస్తుంది.

అసలు పెద్దది దేవదాసీ బిల్లు. ఇది నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదురా, రద్దు చేశారు అని బిట్టు బట్టీ పెట్టడమే. మీ ఊళ్లో మాన్యం చేలు ఉన్నాయే, చెరువు కింద, మనం చెరుకు దొంగిలించిన చోటు, ఏ పని చేసేవాళ్లకి ఆ పని మీద భూమి. దేవదాసీలదీ అట్టాంటిదే. గుడి సేవకి ఇంట్లో ఆడపిల్ల ఉంటేనే మాన్యం చేతిలో ఉంటుంది. పిల్లని ముడుపు కట్టకపోతే భూమి పోద్ది. ఇంక తల్లి ఏం చేస్తుంది, కూతురికి దేవుడి పేరున తాళి కట్టిస్తుంది. ముత్తులక్ష్మి ముందు ఆ ముడి మీదే కొట్టింది. 1927లో ఈ ఆచారం ఆపాలని తీర్మానం, 1929లో దేవాదాయ చట్టానికి సవరణ: భూమి ఆ ఇంటి ఆడవాళ్లకే ఉంటుంది, సేవ చెయ్యాల్సిన పని లేదు, గుడికి ఏడాదికింత పన్ను కడితే చాలు. ఊరికే నిషేధం అని అరవకుండా ముందు అన్నం సంగతి చూసింది. నా లెక్కలో ఆవిడ చేసిన అన్నిట్లో తెలివైన పని ఇదే. ఆ సవరణ గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకో.

ఇప్పుడు నీకు కోపం వచ్చే ముక్క చెప్తా, భాగవతార్ గారూ. ఈ బిల్లుని ఎదిరించి మద్రాసు ప్రభుత్వానికి విన్నపం పెట్టిన దేవదాసీల్లో బెంగుళూరు నాగరత్నమ్మ ఉంది! అవును, నువ్వు ఏటా తిరువయ్యూరు పోయి గోష్ఠిగానంలో రెండో వరుసలో కూర్చుని ఉత్తుత్తినే నోరాడిస్తావే (నాకు తెలీదనుకున్నావా, టీవీలో చూశా, పాట అయిపోయాక కూడా నీ నోరు ఆడుతుంది), అక్కడ త్యాగయ్య సమాధి మందిరం కట్టించిన నాగరత్నమ్మే. 1910లో ముద్దుపళని అనే పాతకాలపు కవయిత్రి కావ్యం అచ్చు వేయించి ప్రభుత్వం చేత నిషేధం వేయించుకున్న నాగరత్నమ్మే. వాళ్లు అడిగింది ఏందంటే, మమ్మల్నందరినీ ఒకే గాటన కట్టి వేశ్యలనొద్దు, మా విద్య మాకుంది, చేతనైతే మాకు చదువు చెప్పించండి, సంగీతం నేర్పించండి, మమ్మల్ని అడక్కుండా మా మీద చట్టం చేస్తారేంది అని.

నువ్వు నాగరత్నమ్మ పక్షం అని నాకు తెలుసు, రేపు నాలుగు పేజీలు రాస్తావు. నేను చట్టం పక్షమే. ఆరేడేళ్ల పిల్లకి తాళి కట్టేటప్పుడు ఆ పిల్లని ఎవరు అడిగారు చెప్పు? మన కళావంతుల, అదే మన తెలుగు దేవదాసీల, ఇంటి నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం కూడా ఈ బిల్లు పక్షాన్నే నిలబడింది. ముత్తులక్ష్మేమైనా బయటి మనిషా, ఆమె తల్లి ఎవరో పైన చెప్పా కదా. అయినా "మమ్మల్ని అడిగారా" అన్నది మాత్రం నాకు అరగలేదురా. తిరుగు రైల్లో గూడూరు దాకా అదే ఆలోచన. ఇద్దరూ ఆ ఇళ్ల నుంచే వచ్చినోళ్లు, ఇద్దరూ మగాళ్లు కూర్చోనివ్వని చోట కూర్చున్నోళ్లే, ఒకామె శాసనమండలిలో, ఒకామె త్యాగయ్య దగ్గర. ఒకే ఊళ్లో ఉండి ఎదురెదురు... ఏమో, ఇది నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం, రాస్తే తెగదు.

ఇంక నేను ఇదంతా నీకే ఎందుకు రాస్తుండానంటే, ఇక్కడి నుంచి చదువు జాగ్రత్తగా. 1930 మొదట్లో అసలు బిల్లు, ముడుపు కట్టడమే నేరం అనే బిల్లు, సభలో పెట్టింది. మూడేళ్లు దాని కోసమే తిరిగింది. మేలో గాంధీని ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టు చేశారు. ఈవిడ రాజీనామా ఇచ్చేసింది. అంతే! కుర్చీ, పదవి, సగంలో ఉన్న బిల్లు, అన్నీ వదిలేసి బయటికొచ్చింది. ఆ బిల్లు చట్టమయ్యేసరికి ఎంతయిందో తెలుసా, 1947. పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లలో ఎంతమంది పిల్లలకి తాళి కట్టి ఉంటారో అని పెద్దమ్మ అంది, నేను కాదు. నేను రాజీనామా అనగానే ఆహా అనుకున్నా, పెద్దమ్మ ఒక్క మాటతో నా నోరు మూయించింది. "ఉండి చేసుంటే?" అంది.

నాకు జవాబు లేదు. ఆవిడేమో ఖాళీగా కూర్చోలా. అదే ఏడు ముగ్గురు పిల్లలు, దేవదాసీల ఇళ్ల నుంచి పారిపోయి వచ్చినోళ్లు, ఆమె తలుపు తట్టారు. ఏ హాస్టలూ చేర్చుకోలేదు వాళ్లని. తన ఇంట్లోనే పెట్టుకుంది, అదే అవ్వై హోమ్ అయింది, ఇప్పటికీ ఉంది. ఆసుపత్రి కథ ఇంకోటి. చెల్లెలు సుందరాంబాళ్ 1923లో క్యాన్సర్‌తో పోయింది, ముందు డాక్టర్లు జిగట విరేచనాలనుకున్నారంట. ఆ దుఃఖం ముప్పై ఏళ్లు మోసి, 1952లో నెహ్రూ చేత శంకుస్థాపన చేయించి, 1954లో 12 పడకలతో తెరిచింది. కొడుకు కృష్ణమూర్తి, డాక్టర్ శాంత, ఇద్దరే డాక్టర్లు మొదట్లో. ఈ ముక్క చదివి పెద్దమ్మకి చెప్తుంటే ఆమె మజ్జిగ సీసా మూత తిప్పుతా ఉండిపోయింది, తాగలా, ఊరికే మూత తిప్పింది బిగించింది. నాక్కూడా గొంతు... వద్దులే.

ఇప్పుడు నీ సంగతి. మూడేళ్లుగా నీ డ్రాఫ్ట్స్‌లో ఒక రాజీనామా పడుంది. ప్రతి మార్చిలో తీసి తేదీ మారుస్తావు, కామాలు సరిచేస్తావు, నాకు పంపి "ఎట్టా ఉంది?" అంటావు, నేను "భాష బాగుంది" అంటా. ఈసారి భాష గురించి చెప్పను. ఈవిడ కథంతా చదివాక నాకు ఒకటి తోచింది, నువ్వు వదిలిపెట్టేది ఏందో, సగంలో ఏం ఆగిపోద్దో ఒక కాగితం మీద రాసుకున్నావా అసలు? ఎందుకంటే పెద్దమ్మ అడిగిన ప్రశ్న నీకు కూడా

ఆగరా, వ్యాను హారన్ కొడతా ఉండాడు, చిన్నదానికి ఒక సాక్సే దొరికింది, రెండోది పాయసం బట్టల్లో ఉన్నట్టుంది. మిగతాది రాత్రికి రాస్తా. నాగరత్నమ్మ గురించి తిట్లు అన్నీ ఒకేసారి పంపు, విడివిడిగా పంపొద్దు.

నీ
అర మార్కు బాకీదారు